డొమైన్ పేరుకి ఆఫర్ వస్తే: ధర బోర్డు పెట్టాలా, బేరానికి కూర్చోవాలా?

రాత్రి పదకొండున్నరకి మెయిల్ వచ్చింది. నాలుగేళ్లుగా నా దగ్గర ఊరికే పడి ఉన్న ఒక డాట్ కామ్ పేరుకి, అంటే వెబ్‌సైట్ అడ్రస్‌కి, 150 డాలర్ల ఆఫర్. మొదట సంతోషం. రెండో నిమిషంలో అనుమానం, దీని అసలు విలువ తెలిసే ఇంత తక్కువకి అడుగుతున్నాడేమోనని. మూడో నిమిషంలో టెన్షన్, కాదంటే మళ్లీ అడిగేవాడు దొరుకుతాడా అని. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పుట్టించినవాడు డొమైన్లు అమ్మి ఉంటాడేమో అనిపిస్తుంది అలాంటప్పుడు.

ఆ రాత్రి ఏం చేశానో తర్వాత చెప్తాను. అంతకుముందు చెప్పాల్సింది ఇంకొకటుంది. బేరం ఆఫర్ వచ్చిన రోజు మొదలవదు. పేరుని మార్కెట్‌ప్లేస్‌లో, అంటే డొమైన్లు అమ్మిపెట్టే సైట్‌లో, ఎలా పెట్టామన్న దగ్గరే సగం తేలిపోతుంది. ధర రాసి పెట్టామా, ఆఫర్ పెట్టండి అని వదిలేశామా, బేరం మనమే ఆడతామా, వాళ్ల ఏజెంట్‌కి అప్పజెప్పామా, వాయిదాలకి ఒప్పుకున్నామా. ఏది ఎవరికి నప్పుతుందో చెప్పాలంటే ముందు జేబు లెక్క చూసుకోవాలి.

ముందు మీ లెక్క

డాట్ కామ్ హోల్‌సేల్ ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకి చేరింది. దాని మీద రిజిస్ట్రార్ (మనకి పేరు నమోదు చేసిపెట్టే కంపెనీ) లాభం, మన జీఎస్టీ కలిస్తే ఒక పేరుని ఏడాది ఉంచుకోవడానికి వెయ్యి రూపాయలు దాటుతుంది. వంద పేర్లుంటే ఏడాదికి లక్ష పైమాటే. ఇక వందలో ఏడాదికి ఒకటో రెండో అమ్ముడైతే బాగానే నడుస్తోందని ఈ పనిలో ఉన్నవాళ్లు అనుకుంటారు. అంటే అమ్ముడైన ఆ ఒక్క పేరు, అమ్ముడుపోని 99 పేర్ల రెన్యువల్ కూడా మొయ్యాలి. ఏడాదికి ఒకటే పోతే దాని మీద చేతికి 1,100, 1,200 డాలర్లు రాకపోతే నష్టం. రెండు పోతే ఒక్కోటి 600 దగ్గర గట్టెక్కుతుంది.

ఈ లెక్క వేసుకోనివాడికి 150 డాలర్ల ఆఫర్ పండగలా కనిపిస్తుంది. పన్నెండు డాలర్లకి కొన్నది 150కి పోతోంది, పది రెట్లకి పైనే! మిగతా పేర్ల బిల్లు గుర్తొచ్చేసరికి ఆ పది రెట్లు ఆవిరైపోతాయి. అయితే అదే పేరు వచ్చే నెల రెన్యువల్ చెయ్యకుండా వదిలేద్దామని మీరు ముందే అనుకుని ఉంటే, 150 రోడ్డు మీద దొరికిన సొమ్ము. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

అందుకే నా షీట్‌లో ప్రతి పేరు పక్కనా రెండు అంకెలుంటాయి. ఒకటి బోర్డు మీద పెట్టే ధర. రెండోది, ఇంతకి తక్కువైతే ఇక మాట్లాడను అనుకునే ధర. రెండోది ఆఫర్ రాకముందే రాసి ఉండాలి. వచ్చాక రాసుకుంటే అది తనంతట తానే ఆఫర్ వైపు జారిపోతుంది, నేను చాలాసార్లు చూశాను.

ఆ రెండో అంకెని చేతికొచ్చే డబ్బులో రాసుకోండి. గోడాడీ అనే రిజిస్ట్రార్ వాళ్ల మార్కెట్‌ప్లేస్ ఆఫ్టర్నిక్‌లో 2023 నుంచి పేరు నేమ్‌సర్వర్లు (ఆ అడ్రస్ కొడితే ఏ సైట్ తెరుచుకోవాలో చెప్పే సెట్టింగ్) వాళ్ల వైపు తిప్పితే కమీషన్ 15 శాతం, తిప్పకపోతే 25. 1,200 డాలర్ల అమ్మకంలో మొదటి పద్ధతిలో 1,020 మిగులుతాయి, రెండో పద్ధతిలో 900. నేమ్‌సర్వర్ మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు. కొనేవాడితో 50 డాలర్ల కోసం మూడు రోజులు పట్టుబట్టి, ఇక్కడ 120 వదిలేసుకునేవాళ్లున్నారు. ఇదివరకు డాన్ అనే మార్కెట్‌ప్లేస్ 9 శాతానికే పని చేసిపెట్టేది. 2022లో గోడాడీ దాన్ని కొనేసి, ఆ తర్వాత ఆఫ్టర్నిక్‌లో కలిపేసింది. పాతవాళ్లు ఇప్పటికీ ఆ 9 శాతాన్ని పెళ్లి భోజనంలా తలుచుకుంటారు. ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి పేరు పెట్టే ముందు ఒకసారి చూసుకోండి.

ధర బోర్డు

విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండి దగ్గర పది రూపాయల కోసం పోట్లాడే మనిషే, నాలుగడుగుల అవతల ఏసీ షాపులో స్టిక్కర్ చూసి నోరు మెదపకుండా కార్డు తీస్తాడు. రాసి ఉన్న ధరకి అంత బలం. డొమైన్ల విషయంలో ఇంకో లాభం కూడా ఉంది. స్థిర ధర పెట్టి, త్వరిత బదిలీకి (డబ్బు కట్టగానే పేరు కొనేవాడికి మారిపోవడానికి) ఒప్పుకుంటే, ఆ మార్కెట్‌ప్లేస్ నెట్‌వర్క్‌లో ఉన్న చాలా రిజిస్ట్రార్ల సెర్చ్ పేజీలోనే మీ పేరు ధరతో సహా కనిపిస్తుంది. షాపు పెట్టబోయే ఒకావిడ పేరు కోసం వెతుకుతుంది, మీ పేరు కనిపిస్తుంది, కార్ట్‌లో వేసుకుని డబ్బు కట్టేస్తుంది. మీరు నిద్రలో ఉండగానే అమ్మకం అయిపోతుంది. ఆమెకి మీరెవరో తెలీదు, మీకు ఆమె ఎవరో తెలీదు. ఆఫర్, కౌంటర్ (దానికి ఎదురు ధర), మౌనం, అనుమానం ఏవీ ఉండవు.

దీనిలో ఒకే ఒక్క భయం, చవగ్గా పెట్టేశామేమోనని. ధర నిర్ణయించడానికి, డొమైన్ అమ్మకాల ధరలు పట్టిక వేసే నేమ్‌బయో సైట్‌లో పాత అమ్మకాలు చూడటం అందరూ చేసేదే. చూసేటప్పుడు రెండు సంగతులు మర్చిపోవద్దు. అక్కడ కనిపించేవన్నీ అమ్ముడైన పేర్లు. అలాంటివే అమ్ముడుపోక పడి ఉన్నవి ఆ పట్టికలో ఉండవు. ఇంకొకటి, మనలాంటి వ్యాపారులు ఒకరి దగ్గర ఒకరు వేలంలో కొనుక్కున్న ధరలు, అసలు వాడుకునేవాడు పెట్టిన ధరలు పక్కపక్కనే ఉంటాయి. 300కి పోయిన పేరు, 3,000కి పోయిన పేరు రెండూ ఒకే రకంవి అయినా, ఒకటి టోకు ధర, ఇంకొకటి చిల్లర ధర. ఎక్కడ అమ్ముడైందన్న గడి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

నా ఓటు: 3,000 డాలర్ల లోపు అనుకునే పేర్లన్నింటికీ బోర్డు కట్టేయండి. ఉద్యోగం చేసుకుంటూ పక్కన ఇది చేసేవాళ్లకైతే ఇంకో ఆలోచనే వద్దు.

ఆఫర్ పెట్టండి అని వదిలేస్తే

ధర రాయకపోతే రెండు జరుగుతాయి. నిజంగా కావలసినవాళ్లలో కొంతమంది అసలు అడగరు. ధర లేదంటే చాలా ఎక్కువ ఉంటుందనుకుని వేరే పేరు చూసుకుంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది 50, 100 డాలర్లతో మొదలుపెడతారు. విద్యార్థిననీ, స్వచ్ఛంద సంస్థ కోసమనీ చెప్పేవాళ్లు వీళ్లలోనే ఉంటారు. కొందరు నిజంగానే విద్యార్థులు. ఇలాంటి చిన్న ఆఫర్లు ఇన్‌బాక్స్ నింపకుండా కనీస ఆఫర్ అని ఒక అంకె పెట్టుకునే వీలు చాలా చోట్ల ఉంది, పెట్టుకోండి.

మరి ఈ పద్ధతి ఎవరికి? ధర మీరే ఊహించలేని పేరు ఉన్నవాళ్లకి. చాట్ డాట్ కామ్‌ని హబ్‌స్పాట్ సహ వ్యవస్థాపకుడు ధర్మేశ్ షా 2023లో 1.55 కోట్ల డాలర్లకి కొని, ఆ తర్వాత ఓపెన్‌ఏఐకి అమ్మారు. అలాంటి మాటకి రెండేళ్ల ముందు ఎవరైనా బోర్డు కట్టి ఉంటే ఆ అంకె ఈ రోజు నవ్వు తెప్పించేది. మనందరి దగ్గరా అలాంటివి ఉండవు. కానీ పది పేర్లలో ఒకటైనా, కొనేవాడి జేబుని బట్టి 2,000కైనా 20,000కైనా పోగలిగేది ఉంటుంది. దాన్ని మాత్రం బోర్డు లేకుండా ఉంచి, ఓపిక పట్టండి.

ధర రాసి, ఆఫర్లూ తీసుకునే మధ్య దారి కూడా ఉంది. అప్పుడు బోర్డు మీది ధర పైకప్పు అయిపోతుంది, దాన్ని దాటి ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఆ దారిలో వెళ్తే బోర్డు ధరలో బేరానికి చోటు కలిపే రాయాలి.

జర్మనీలోని కొలోన్ నుంచి నడిచే సెడో మార్కెట్‌ప్లేస్‌లో ఇంకో చిక్కు చూసుకోవాలి. అక్కడ ఆఫర్‌కీ కౌంటర్‌కీ ఇద్దరూ కట్టుబడి ఉండాలి. మీరు ఊరికే 2,500 అని టైప్ చేసి, అవతలివాడు సరే అన్నాడంటే అమ్మినట్టే. వచ్చిన ఆఫర్‌ని వేలానికి పంపే ఏర్పాటు కూడా ఉంది, ఆ ఆఫర్ మొత్తమే వేలంలో మొదటి పాట అవుతుంది. వినడానికి బాగుంటుంది గానీ, గతంలో ఆ పేరుని కనీసం ఇద్దరు ముగ్గురు అడిగి ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. రెండో పాటగాడు రాకపోతే మొదటి ఆఫర్ ధరకే ఇచ్చెయ్యాలి.

బేరం ఎవరు ఆడాలి

ఆఫ్టర్నిక్ లాంటి చోట కొనేవాడు ఫోన్ చేస్తే వాళ్ల సేల్స్ మనిషి మాట్లాడతాడు. అమెరికా పగటి వేళకి, అమెరికన్ యాసలో, అడిగిన నిమిషంలో. మనకి అది అర్ధరాత్రి. ఆ సౌకర్యానికి విలువుంది. మీరు కింది ధర అని ఒకటి రాసిస్తే, మిమ్మల్ని అడగకుండానే ఆ ధర వరకు దిగి అమ్మే అధికారం అతనికి వస్తుంది.

ఇక్కడ స్థలాల బ్రోకర్ లెక్కే పనిచేస్తుంది. ధర 2,000 నుంచి 1,500కి దిగితే 15 శాతం చొప్పున మధ్యవర్తికి తగ్గేది 75 డాలర్లు, మీకు తగ్గేది 425. మిగతా 1,500 మీద కమీషన్ ఈ రోజే వస్తుందంటే ఆ 75 కోసం అతనెందుకు పట్టుబడతాడు? తప్పుపట్టడానికేం లేదు, ఎవరి లెక్క వాళ్లది. ఒక మార్కెట్‌ప్లేస్‌లో నేను 2,400 బోర్డు పెట్టి, కింద 700 అని ఎప్పుడో తోచక రాసి మర్చిపోయాను. ఒక పొద్దున్నే అభినందనల మెయిల్, 700కి అమ్ముడైందని. తప్పు నాదే, ఆ గడిలో అంకె నేనే వేశాను. అప్పట్నించీ కింది ధర గడిలో బోర్డు ధరకి పదో పదిహేనో శాతం తక్కువ మాత్రమే రాస్తున్నాను. అంతకన్నా దిగాల్సి వస్తే నన్ను అడిగి దిగుతారు.

మనమే ఆడితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ రాత్రి వచ్చిన 150 ఆఫర్‌కి వద్దాం. షీట్ తీసి చూశాను. రెండో అంకె 800, చేతికొచ్చేది. ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. అర్ధరాత్రి రెండు నిమిషాల్లో జవాబిస్తే ఎదురుచూస్తున్నామని తెలిసిపోతుంది. వారం ఆగితే అతను వేరే పేరు కొనేసుకుంటాడు. మర్నాడు మధ్యాహ్నం మూడు వాక్యాలు రాశాను. ఆఫర్‌కి ధన్యవాదాలు, పేరు ధర 1,900 డాలర్లు, డబ్బు ఎస్క్రోలో (పేరు చేతులు మారేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి ఖాతాలో) పడిన రోజే బదిలీ మొదలుపెడతాను. అంతే. పేరులో ఎన్ని అక్షరాలున్నాయో, ఆ మాటని నెలకి ఎంతమంది వెతుకుతారో రాయలేదు. పేరు మంచిదని అనిపించబట్టే కదా అతను అడిగింది.

అతను 400 అన్నాడు. నేను 1,650. అతను 700, అదీ తన మొత్తం బడ్జెట్ అని ఒక మాట చేర్చాడు. బడ్జెట్ మాట నేను పట్టించుకోలేదు, అంకెల మధ్య దూరం చూశాను. 150 నుంచి 400కి 250 పెరిగింది, 400 నుంచి 700కి 300. చివరికి వచ్చేసినవాడి అడుగులు చిన్నవవుతాయి, ఇతనివి పెద్దవవుతున్నాయి. నా అడుగులు మాత్రం చిన్నవి కావాలి: 250 దిగాను, ఈసారి 200 దిగి 1,450 అన్నాను. నాలుగు రోజులు మౌనం. ఈ నాలుగు రోజుల్లో నా అంతట నేను ఇంకో ధర పంపకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైన పని. ఐదో రోజు 1,000 అన్నాడు. 1,150 అయితే ఈ వారమే పూర్తి చేద్దాం అన్నాను, ఒప్పుకున్నాడు. 15 శాతం పోగా 977.50. ఇంకో వంద పిండి ఉండొచ్చేమో. షీట్‌లో 800 ఉంది కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టింది.

లక్ష డాలర్లు అని వెటకారంగా కౌంటర్ కొట్టేవాళ్లున్నారు, తక్కువ ఆఫర్‌కి కోపం వచ్చి. ఆ 150 మనిషికి నేనూ అలాగే చేసి ఉంటే మాట అక్కడితో ఆగిపోయేది.

వాయిదాలు

బేరం 2,000 పైన ఆగిపోయి, ఇద్దరి మధ్యా ఐదారు వందల తేడా ఉన్నప్పుడు ధర దించే బదులు వాయిదాలు చూపించొచ్చు. నెలనెలా కడతాడు, కట్టడం అయ్యేదాకా పేరు మార్కెట్‌ప్లేస్ చేతిలో ఉంటుంది, మధ్యలో మానేస్తే పేరు మీకు తిరిగొస్తుంది, అప్పటిదాకా కట్టింది మీకే. చిన్న వ్యాపారస్తులకి ఇది బాగా నచ్చుతుంది. ప్రమాదం ఒకటే: ఆ నెలల్లో పేరుని అతను వాడుకుంటాడు. స్పామ్ మెయిళ్లు పంపి పేరు చెడగొట్టి, మూడో నెల మానేస్తే మీకు తిరిగొచ్చేది మచ్చపడ్డ సరుకు. మొదటి వాయిదా కాస్త పెద్దదిగా అడగండి.

నేరుగా మెయిల్ చేసి అడిగితే

కమీషన్ తప్పుతుందని ఇది ఊరిస్తుంది. తెలిసిన మనిషి, తెలిసిన కంపెనీ అయితే నిజంగానే మంచి దారి. డబ్బు మాత్రం ఎస్క్రో ద్వారానే. 1999 నుంచి ఉన్న ఎస్క్రో డాట్ కామ్‌ని 2015లో ఆస్ట్రేలియాకి చెందిన ఫ్రీలాన్సర్ కొన్నది, ఈ రంగంలో ఎక్కువమంది వాడేది అదే. దాని ఫీజు ఎవరు కట్టాలో ధర తేలకముందే మాట్లాడుకోండి. లింకు మీద నొక్కకుండా అడ్రస్ మీరే టైప్ చెయ్యండి, పేరులో ఒక్క అక్షరం మార్చిన దొంగ సైట్లు ఉంటాయి. నేరుగా పేపాల్‌లో పంపుతానంటే, పేరు ఇచ్చేశాక అతను చెల్లింపు మీద ఫిర్యాదు పెట్టి డబ్బు వెనక్కి లాక్కునే దారి ఉందని గుర్తుంచుకోండి.

పాత మోసం ఒకటి ఇంకా తిరుగుతోంది. మీ పేరుకి మీరు ఊహించని ధర, 8,000, 9,000 ఇస్తానని మెయిల్ వస్తుంది. బేరమే ఆడడు. రెండో మెయిల్‌లో, తన భాగస్వామికి విలువ పత్రం కావాలట, ఫలానా చోట నుంచి వంద డాలర్లు కట్టి తెచ్చిపెట్టమంటాడు. ఆ ఫలానా చోటు అతనిదే. కొనేవాడు అమ్మేవాడి చేత డబ్బు కట్టించే బేరం ఎక్కడైనా ఉందా?

ఇక బదిలీ. మీరు పేరుని కొత్తగా రిజిస్టర్ చేసినా, వేరే రిజిస్ట్రార్ నుంచి తెచ్చుకున్నా, సాధారణంగా 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కి కదలదు. ఈ వారమే ఇస్తానని బేరంలో మాటిచ్చే ముందు ఆ తేదీ చూసుకోండి. లాక్‌లో ఉన్నా అదే రిజిస్ట్రార్‌లో కొనేవాడి ఖాతాలోకి నెట్టడం చాలాచోట్ల కుదురుతుంది.

ధర చెప్పకుండా ఆగాల్సిన చోటు

2024లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ సంగతి అందరూ చదివే ఉంటారు. రెండు సంస్థలు కలుస్తాయన్న ఊహతో ఢిల్లీ కుర్రాడు ఒకడు 2023లోనే ఆ పేరు రిజిస్టర్ చేసి, విలీనం వార్తలొచ్చాక సైట్‌లోనే ఉత్తరం పెట్టాడు: కేంబ్రిడ్జ్‌లో చదువుకి ఫీజు కడితే ఇచ్చేస్తానని. రిలయన్స్ కుదరదంది. ఆ పేరు తర్వాత దుబాయిలోని ఇద్దరు పిల్లల చేతికి చేరింది, వాళ్లు ఉచితంగానే ఇస్తామన్నారు.

ఊహ సరైనదే, బేరం మాత్రం మొదట్నించీ చేతిలో లేదు. 1999 నుంచి అమల్లో ఉన్న యూడీఆర్‌పీ అనే డొమైన్ తగాదాల నియమాల్లో, ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకి ఖర్చుకి మించిన ధరకి అమ్మడమే ముఖ్యోద్దేశంగా పేరు తీసుకుంటే అదే దురుద్దేశానికి రుజువు. డాట్ ఇన్ పేర్లకి మన దగ్గర ఐఎన్‌డీఆర్‌పీ అని అలాంటిదే ఉంది. ఈ తగాదాలు తీర్చే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోలో ఒక పేరు మీద, ఒకే ప్యానలిస్ట్‌తో (తీర్పు చెప్పే మనిషితో) కేసు వెయ్యడానికి ఫీజు 1,500 డాలర్లు. లాయర్ ఖర్చు కలిపినా పెద్ద కంపెనీకి అది టీ ఖర్చు. ఎంతకి ఇస్తారని వాళ్ల తరఫున వచ్చే మర్యాదైన మెయిల్, మీ నోటితో అంకె చెప్పించడానికే వచ్చి ఉండొచ్చు.

కాబట్టి ఆఫర్ ఎవరి నుంచో తెలిసినప్పుడు ముందు ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉందేమో, మీరు పేరు తీసుకున్న తేదీకి ముందుదా తర్వాతదా చూడండి. మీ పేరు మామూలు నిఘంటువు మాటై, వాళ్ల బ్రాండ్ మీ తర్వాత పుట్టినదైతే నిబ్బరంగా బేరమాడొచ్చు. వాళ్ల బ్రాండ్ ముందుదైతే ధర చెప్పకండి, లాయర్‌ని కలవండి. ఏది ఏమైనా మీరే ముందుగా వాళ్లకి మెయిల్ రాసి కొంటారా అని అడగడం మాత్రం వద్దు.

డబ్బు ఇంటికి చేరాలంటే

అమెరికా మార్కెట్‌ప్లేస్‌లో మొదటి అమ్మకానికి ముందే డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం నింపి పెట్టుకోండి, అది లేక డబ్బు ఆగిపోతే కొనేవాడిని అనుకుని లాభం లేదు. వైర్‌లో తెప్పించుకుంటే బ్యాంకువాళ్లు డబ్బు దేనికొచ్చిందో పర్పస్ కోడ్ అడుగుతారు. అమ్మకం రసీదు పీడీఎఫ్ దగ్గర ఉంచుకోండి. పేపాల్‌లో వస్తే మన దేశంలో ఆ డబ్బు అక్కడ నిల్వ ఉండదు, వాళ్ల మారకం రేటుకే రూపాయలై బ్యాంకులోకి వచ్చేస్తుంది. ఆ రేటుకీ బ్యాంకు రేటుకీ తేడా పెద్ద అమ్మకంలో బాగా తెలుస్తుంది. నా 977.50కి ఎంత పడిందో రూపాయల్లో షీట్‌లో ఇంకో గడి కట్టి రాసుకున్నాను, రెండో అంకె ఇప్పుడు దాన్ని చూసుకునే రాస్తున్నాను.